లూపస్ వంశపారంపర్యమా? జన్యువుల పాత్ర, మన కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

లూపస్ వంశపారంపర్యమా అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే జవాబు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. చాలా అరుదైన కొన్ని రూపాలను మినహాయిస్తే ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నేరుగా రాదు. జబ్బు వైపు ఒక మొగ్గు మాత్రం కొంతవరకు వస్తుంది. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియకపోవడం వల్ల మన ఇళ్లలో రెండు రకాల నష్టం జరుగుతోంది. కొందరు ‘వంశ రోగం’ అన్న మాటకు భయపడి ఆడపిల్ల జబ్బును దాచిపెడతారు. ఇంకొందరు ‘మా వంశంలో ఎవరికీ లేదు, ఇది అది కాదు’ అని డాక్టరు మాట కొట్టిపారేస్తారు. రెండు సందర్భాల్లోనూ ఆలస్యమయ్యేది వైద్యమే. కాబట్టి ఈ విషయంలో తెలిసిన సంగతులు ఒకచోట చేర్చి ఇస్తున్నాము.

లూపస్ అంటే

లూపస్ అంటే లాటిన్ భాషలో తోడేలు. ముఖం మీద వచ్చే పుండ్లు తోడేలు కరిచినట్టు ఉంటాయని పాతకాలపు వైద్యులు ఆ పేరు పెట్టారు. పూర్తి పేరు సిస్టమిక్ లూపస్ ఎరిథమాటోసస్. డాక్టర్లు ఎస్‌ఎల్‌ఈ అని రాస్తారు. బయటి క్రిములతో పోరాడవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత శరీరం మీదకే తిరగడం ఈ జబ్బు స్వభావం. ముఖ్యంగా మన కణాల లోపలి డీఎన్‌ఏకి, దానిని అంటిపెట్టుకున్న పదార్థాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి.

ముక్కు మీదా రెండు బుగ్గల మీదా సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకునే ఎర్రదనం, ఎండలోకి వెళితే దద్దుర్లు, కీళ్ల నొప్పులు, నోటిలో పుండ్లు, జుట్టు ఊడటం, కారణం తెలియని జ్వరం, విపరీతమైన నీరసం దీని లక్షణాలు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిని కాళ్లు వాస్తాయి, మూత్రంలో నురగ వస్తుంది. కొందరికి రక్తకణాలు తగ్గుతాయి, కొందరికి గర్భం నిలవదు. ఒకరికి ఉన్నట్టు ఇంకొకరికి ఉండదు. ఇది అంటువ్యాధి కాదు. ప్రతి పదిమంది రోగులలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే. ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల మధ్య, అంటే చదువు, పెళ్లి, కాన్పుల వయసులో బయటపడుతుంది. వంశం మాట ముందుకు వచ్చేది అందుకే.

ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావారికి ఎంత అవకాశం

ముందుగా కవలల సంగతి. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో జన్యువులు దాదాపు అచ్చంగా ఒకటే. జబ్బు పూర్తిగా జన్యువుల వల్లే వచ్చేదైతే ఒకరికి వస్తే రెండోవారికీ వచ్చి తీరాలి. 1992లో అమెరికాలో వెలువడిన కవలల అధ్యయనంలో అలాంటి జంటల్లో ఒకరికి లూపస్ ఉంటే రెండోవారికి కూడా ఉన్నది సుమారు 24 శాతం జంటల్లోనే. వేర్వేరు పిండాల నుంచి పుట్టిన కవలల్లో అది 2 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. 2 నుంచి 24కి పెరిగింది కనుక జన్యువుల ప్రభావం గట్టిగానే ఉంది. 100 కాక 24 దగ్గర ఆగింది కనుక జన్యువులే సర్వస్వం కాదు.

రెండోది తైవాన్ లెక్క. ఆ దేశంలో అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది, కుటుంబ సంబంధాలతో సహా రికార్డులున్నాయి. సుమారు 2 కోట్ల 36 లక్షల మంది రికార్డులు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. తల్లి, తండ్రి, తోబుట్టువులు, పిల్లలు, వీరిలో ఒకరికి లూపస్ ఉన్నవారికి ఆ జబ్బు వచ్చే అవకాశం మామూలు జనం కంటే సుమారు 17 రెట్లు ఎక్కువని తేలింది. తోబుట్టువులను విడిగా చూస్తే సుమారు 24 రెట్లు.

17 రెట్లు, 24 రెట్లు అనగానే గుండె జారుతుంది. అయితే దేనికి రెట్లు అన్నది చూడాలి. లెక్క సులువుగా ఉండటానికి 1,000 మంది స్త్రీలలో ఒకరికి లూపస్ ఉందనుకుందాం. దానికి 17 రెట్లు అంటే 1,000కి 17. 24 రెట్లు అంటే 1,000కి 24. అంటే అక్కకు లూపస్ ఉన్న 100 మంది చెల్లెళ్లలో 97 మందికి పైగా ఆ జబ్బు లేనివారే. మొగ్గు వస్తుంది, జబ్బు రాదు అన్న మాటకు అర్థం ఇదే.

అదే అధ్యయనం ఒక జనాభాలో ఈ జబ్బు అవకాశంలో కనిపించే తేడాలలో సుమారు 44 శాతం జన్యువులకు చెందుతుందని, మిగతాది కుటుంబం కలిసి పంచుకునే పరిసరాలకూ, ఎవరికి వారికి ఎదురయ్యే పరిస్థితులకూ చెందుతుందని అంచనా వేసింది. ఒక మనిషి జబ్బులో 44 శాతం తాతముత్తాతలదని దీని అర్థం కాదు. అది జనాభా మొత్తానికి వేసిన లెక్క.

ఒక్క జన్యువు కాదు, వందకు పైగా

మామూలు లూపస్‌కు ‘లూపస్ జన్యువు’ అంటూ ఒకటి లేదు. 2008లో వేలాది రోగుల డీఎన్‌ఏను ఆరోగ్యవంతుల డీఎన్‌ఏతో పోల్చి చూసిన పెద్ద అధ్యయనాలు వరసగా వెలువడ్డాయి. అప్పటి నుంచి జాబితా పెరుగుతూ వచ్చింది. 2021లో తూర్పు ఆసియా దేశాలకు చెందిన 2,08,370 మంది సమాచారంతో జరిపిన విశ్లేషణ 113 చోట్ల తేడాలను గుర్తించింది. వాటిలో చాలావాటి బలం ఒక్కొక్కటిగా చూస్తే చాలా తక్కువ. ఇవి ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. కొన్ని కలిసి, పైనుంచి ఇంకేదో తోడైతేనే జబ్బు మొదలవుతుంది.

ఈ జన్యువులు చేసే పనిని బట్టి వాటిని మూడు గుంపులుగా చూడవచ్చు.

మొదటిది గుర్తుపట్టే పని. ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల సముదాయం ఉంది. ఏది మనది, ఏది పరాయిది అని తేల్చడంలో వీటిదే ముఖ్యపాత్ర. డీఆర్2, డీఆర్3 అనే రకాలు ఉన్నవారికి లూపస్ అవకాశం సుమారు రెండింతలని ఐరోపా సంతతివారిలో చాలాకాలం క్రితమే తేలింది.

రెండోది హెచ్చరిక పంపే పని. వైరస్ వచ్చినప్పుడు శరీరం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. లూపస్ ఉన్న చాలామందిలో వైరస్ లేకపోయినా ఈ హెచ్చరిక మోగుతూనే ఉంటుంది. ఐఆర్‌ఎఫ్5, స్టాట్4 అనే జన్యువుల్లోని తేడాలు ఇందుకు దోహదం చేస్తాయి.

మూడోది చెత్త ఎత్తే పని. మన శరీరంలో రోజూ లెక్కలేనన్ని కణాలు చనిపోతుంటాయి. వాటిని ఎప్పటికప్పుడు తొలగించాలి. తొలగించకపోతే లోపలి డీఎన్‌ఏ బయటపడి రోగనిరోధక వ్యవస్థ కంట్లో పడుతుంది. ఈ తొలగింపులో రక్తంలోని కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు సాయపడతాయి. వీటిలో సీ4 అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువు ప్రతులు కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. తక్కువ ఉన్నవారికి లూపస్ అవకాశం ఎక్కువ.

జాతిని బట్టి కూడా ఈ తేడాలు మారుతాయి. పీటీపీఎన్22 అనే జన్యువులో ఐరోపావారిలో బాగా కనిపించే ఒక మార్పు ఆసియావారిలో చాలా అరుదు. ఇంగ్లండ్‌లో స్థిరపడినవారిని చూస్తే తెల్లవారి కంటే దక్షిణాసియా మూలాలున్నవారిలో లూపస్ ఎక్కువగా కనిపించింది. ఆఫ్రికా, కరీబియన్ మూలాలున్నవారిలో ఇంకా ఎక్కువ. అందుచేత ఐరోపావారి డీఎన్‌ఏ ఆధారంగా తయారైన లెక్కను మన ఇంటి మనిషికి ఉన్నదున్నట్టు అన్వయించకూడదు.

స్త్రీలకే ఎందుకు ఎక్కువ

స్త్రీలలోని హార్మోన్లే కారణమని చాలాకాలం అనుకున్నారు. వాటి పాత్ర ఉంది, కానీ కథ అక్కడితో ఆగలేదు. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషుడికి ఒకటి. స్త్రీ కణాల్లో రెండో ఎక్స్ చాలావరకు నిద్రలో ఉంటుంది. అయితే దాని మీది కొన్ని జన్యువులు నిద్రపోకుండా పనిచేస్తూనే ఉంటాయి. టీఎల్‌ఆర్7 అలాంటిదే. వైరస్ జాడను పసిగట్టడం దాని పని. 2022లో స్పెయిన్‌కు చెందిన ఒక బాలికలో ఈ ఒక్క జన్యువులోని మార్పే లూపస్‌కు కారణమని పరిశోధకులు నిరూపించారు. ఏడేళ్ల వయసులోనే ఆమెకు జబ్బు బయటపడింది.

దీనికి మరో సాక్ష్యం పురుషుల వైపు నుంచి వచ్చింది. అరుదుగా కొందరు మగవారు ఒక ఎక్స్ అదనంగా పుడతారు. వారిలో లూపస్ అవకాశం మిగతా మగవారి కంటే సుమారు 14 రెట్లు ఎక్కువని, అంటే స్త్రీలతో దాదాపు సమానమని 2008 నాటి అధ్యయనం చెప్పింది.

కాబట్టి ‘కోడలు తెచ్చిన రోగం’, ‘తల్లి పోలిక’ అనే మాటలకు ఆధారం లేదు. మొగ్గును కలిగించే జన్యువులు తండ్రి వైపు నుంచీ అంతే వస్తాయి. తండ్రికి ఏ జబ్బూ లేకుండానే అతని నుంచి కూతురికి అవి చేరవచ్చు.

ఒకే జన్యువు లోపం, మేనరికం

ముందు చెప్పిన మినహాయింపు ఇదే. చాలా అరుదుగా ఒక్క జన్యువు పూర్తిగా పనిచేయకపోవడం వల్ల కూడా లూపస్ వస్తుంది. సీ1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రొటీన్ బొత్తిగా లేని పిల్లల్లో 100కి 90 మందికి పైగా లూపస్ లేదా అలాంటి జబ్బు కనిపించింది. మన దేశంలోనూ ఇలాంటి పిల్లలను వైద్యులు గుర్తించారు. డీఎన్‌ఏఎస్‌ఈ1ఎల్3 అనే జన్యువు లోపాన్ని 2011లో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగిన అరబ్ కుటుంబాల్లో కనుగొన్నారు.

ఈ లోపాలు పైకి రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడ్డవే రావాలి. ఒక్క ప్రతే చెడితే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, ఆ సంగతి అతనికి తెలియదు కూడా. భార్యాభర్తలకు ఒకే తాత అవ్వలుంటే ఇద్దరిలోనూ అదే చెడ్డ ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది. మేనమామ మేనకోడళ్లకు జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు. తల్లిదండ్రులిద్దరూ చెడ్డ ప్రతి మోస్తున్నవారైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడ్డవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

దక్షిణాదిలో మేనరికాలు ఎక్కువన్నది తెలిసిందే. ఊరు విడిచి వచ్చి కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో సంబంధాలు దొరికే పరిధి ఇంకా చిన్నది. అందులోనే ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. చిన్న పరిధిలో తరాల తరబడి పెళ్లిళ్లు జరిగితే ఏమవుతుందో చెప్పడానికి లూపస్‌తో సంబంధం లేని ఒక ఉదాహరణ ఉంది. ఆర్యవైశ్యులలో కొందరికి ఒక ఎంజైము లోపం వల్ల ఆపరేషన్ ముందు ఇచ్చే ఒక రకం కండరాల సడలింపు మందు ప్రభావం చాలాసేపటి దాకా దిగదు. మత్తు డాక్టర్లకు ఇది తెలిసిన విషయమే. హైదరాబాదులోని సీసీఎంబీ భాగస్వామిగా 2017లో వెలువడిన పరిశోధన దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు చాలా ఉన్నాయని చూపింది. ఇది ఏ ఒక్క కులానికో పరిమితమైన సంగతి కాదు.

ఇక్కడ పొరపాటు పడకూడదు. మేనరికం వల్లే లూపస్ వస్తుందనడం తప్పు. పెద్దవయసులో వచ్చే మామూలు లూపస్‌లో బంధుత్వ వివాహం లెక్కలోకి వచ్చేది స్వల్పం. అయితే దగ్గరి బంధువులైన తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు చిన్నతనంలోనే, ముఖ్యంగా ఐదేళ్లలోపు, లూపస్ లక్షణాలు వచ్చినా, తోబుట్టువులిద్దరికీ వచ్చినా ఒక జన్యువు లోపాన్ని అనుమానించాలి. తల్లిదండ్రుల బంధుత్వం సంగతి డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాలి. జన్యు పరీక్ష నిజంగా పనికొచ్చేది అక్కడే. తర్వాతి కాన్పు గురించి సలహా తీసుకోవడానికి కూడా అదే ఆధారం.

మొగ్గుకు తోడయ్యేవి

మొగ్గు ఉన్నవారిలో జబ్బును రేపేవాటిలో ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముఖ్యం. పొగతాగడం, సిలికా ధూళిలో పని, ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్, హార్మోన్ల మార్పులు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. జన్యువును మార్చలేము. ఎండను, పొగాకును మాత్రం దూరం పెట్టవచ్చు.

మందుల వల్ల వచ్చే లూపస్ వేరే రకం. రక్తపోటుకు వాడే హైడ్రలజీన్, గుండె లయకు వాడే ప్రొకైనమైడ్, క్షయకు వాడే ఐసోనయాజిడ్ వల్ల కొందరికి అలా జరుగుతుంది. మందు ఆపితే సాధారణంగా తగ్గిపోతుంది. ఇందులోనూ జన్యువు పాత్ర ఉంది. హైడ్రలజీన్ వంటి మందులను కాలేయం నెమ్మదిగా విరిచే స్వభావం పుట్టుకతో ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. అలాగని క్షయ మందులు సొంతంగా ఆపకూడదు. డాక్టరే నిర్ణయించాలి.

తల్లి నుంచి బిడ్డకు వచ్చేది వేరు

లూపస్ ఉన్న కొందరు తల్లుల రక్తంలో యాంటీ రో అనే యాంటీబాడీ ఉంటుంది. అది మాయ ద్వారా కడుపులోని బిడ్డను చేరవచ్చు. అప్పుడు బిడ్డకు పుట్టిన కొత్తలో దద్దుర్లు రావచ్చు. తల్లి యాంటీబాడీలు కరిగిపోయాక, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది నెలల్లో, అవి పోతాయి. దీనిని నవజాత శిశువు లూపస్ అంటారు కానీ ఇది బిడ్డకు వారసత్వంగా వచ్చిన లూపస్ కాదు. ఈ యాంటీబాడీ ఉన్న తల్లుల్లో సుమారు 100కి ఇద్దరి బిడ్డలకు మాత్రం గుండె కొట్టుకునే వేగం బాగా తగ్గే ప్రమాదం ఉంది, అది శాశ్వతం. అందుకే గర్భానికి ముందే యాంటీ రో పరీక్ష చేయించి, అది ఉంటే నాలుగో నెల నుంచి బిడ్డ గుండెను స్కానింగ్‌లో గమనిస్తారు. జబ్బు కనీసం ఆరు నెలలు అదుపులో ఉన్నాక గర్భం దాల్చడం మంచిది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రను గర్భంలోనూ కొనసాగించమంటారు.

ఏ పరీక్ష అవసరం, ఏది అనవసరం

మామూలు లూపస్ వస్తుందో రాదో ముందే చెప్పే జన్యు పరీక్ష లేదు. ఉమ్మి నమూనా పంపితే జబ్బుల జాతకం చెబుతామనే ప్రకటనలకు డబ్బు పోయనవసరం లేదు.

ఇంట్లో ఒకరికి లూపస్ ఉందని ఆరోగ్యంగా ఉన్న అందరికీ ఏఎన్ఏ పరీక్ష చేయించడం కూడా అనవసరం. ఆరోగ్యవంతుల్లోనే 1:80 దగ్గర 100కి సుమారు 13 మందికి అది పాజిటివ్ వస్తుంది. లూపస్ రోగుల రక్తసంబంధీకుల్లో ఇంకా ఎక్కువ. కాగితం మీద పాజిటివ్ చూసి ఇల్లంతా దిగులుపడటం తప్ప ప్రయోజనం ఉండదు. లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. అప్పుడు ఏఎన్ఏ, డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీ, సీ3, సీ4, రక్తకణాల లెక్క, మూత్ర పరీక్ష చేయిస్తారు. వీటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ చెప్పేది మూత్ర పరీక్ష. మూత్రపిండాలు దెబ్బతినడం మొదట్లో నొప్పితో తెలియదు.

కుటుంబ చరిత్ర రాసి పెట్టుకోవడం

ఖర్చు లేని జన్యు పరీక్ష ఒకటుంది. అది కుటుంబ చరిత్ర. మన ఇళ్లలో ఒక శాఖ హోసూరులో, ఒకటి బళ్లారిలో, ఒకటి బరంపురంలో, ఒకటి షోలాపూర్‌లో ఉంటుంది. ఒక చోట ఆసుపత్రి కాగితం తమిళంలో, ఇంకో చోట మరాఠీలో. పెద్దలకు జబ్బు పేర్లు తెలియవు. ‘వాతం పట్టింది’, ‘ఒళ్లంతా వాచింది’, ‘మూడుసార్లు కడుపు పోయింది’, ‘కాన్పయ్యాక కోలుకోలేదు’ అని చెబుతారు. ఆ మాటలనే ఉన్నదున్నట్టు రాయండి. అర్థం డాక్టరు చూసుకుంటారు.

ఒక కాగితం మీద మూడు తరాలు, తండ్రి వైపు ఒక పక్క, తల్లి వైపు ఒక పక్క రాయండి. ప్రతి పేరు ఎదురుగా నాలుగు సంగతులు చాలు. ఏ జబ్బు, ఏ వయసులో మొదలైంది, పోయినవారైతే ఏ వయసులో, దంపతులు ముందే బంధువులా. లూపస్ ఒక్కటే కాదు, థైరాయిడ్, కీళ్లవాతం, చిన్న వయసులో వచ్చిన షుగర్, బొల్లి కూడా రాయాలి. ఇవన్నీ రోగనిరోధక శక్తి దారి తప్పడం వల్ల వచ్చేవి కావచ్చు, కుటుంబాల్లో కలిసి కనిపిస్తాయి. రోగి కాగితాలను తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టి, ఈ కాగితాన్ని అన్నింటికంటే పైన ఉంచండి.

సంబంధాలు చూసేటప్పుడు

తెలుగు సంఘాల దగ్గరకు పెళ్లి సంబంధాల వివరాలు వస్తుంటాయి కనుక ఈ మాట చెప్పడం అవసరం. అక్కకు లూపస్ ఉందని చెల్లెలి సంబంధం వదులుకోవడానికి పై లెక్కల్లో ఆధారం లేదు. లూపస్ ఉన్న అమ్మాయి పెళ్లికీ, పిల్లలకూ కూడా జబ్బు అదుపులో ఉంటే అడ్డు లేదు. ఆమె పిల్లల్లో చాలామందికి ఈ జబ్బు రాదు.

అసలు ప్రమాదం దాచడంలో ఉంది. జబ్బు చెప్పకుండా పెళ్లి చేసిన చోట అమ్మాయి అత్తవారింట్లో మాత్రలు చాటుగా వేసుకోవాలి, లేదా మానేయాలి. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఒక్కోసారి నేరుగా మూత్రపిండాల మీదకు వస్తుంది. అందుచేత సంబంధం ఖాయం కాకముందే పెద్దలు రెండు వైపులా కూర్చుని చెప్పుకోవడం, వీలైతే అబ్బాయి అమ్మాయి కలిసి డాక్టరును ఒకసారి కలవడం మేలు. ఆ తర్వాత నిర్ణయం వారిది.

ఎవరికి చూపించాలి

ఈ జబ్బుకు సంబంధించిన విభాగం పేరు రుమటాలజీ. కొన్ని ఆసుపత్రుల్లో క్లినికల్ ఇమ్యునాలజీ అంటారు. హైదరాబాదు నిమ్స్, వేలూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్‌మర్, బెంగళూరు సెయింట్ జాన్స్, ముంబయి కేఈఎం, కటక్ ఎస్‌సీబీ వైద్య కళాశాలల్లో ఈ విభాగాలున్నాయి. యానాం వారికి జిప్‌మర్ సొంత కేంద్రపాలిత ప్రాంతపు ఊరిలోదే. దూరమైతే ముందు దగ్గరి జనరల్ ఫిజీషియన్‌కు చూపించి, ఉత్తరం రాయించుకుని వెళ్లండి. వెళ్లేటప్పుడు కుటుంబ చరిత్ర కాగితం మరచిపోవద్దు. ఇంట్లో లూపస్ ఉన్నవారి మందుల సంగతిలో మార్పులు ఏవైనా వారి డాక్టరు చెప్పినట్టే చేయాలి. ఈ వ్యాసం అందుకు బదులు కాదు.